మైనం మీద ఊపిరి

ఆ సోమవారం పిచ్చుక చెయ్యాల్సిన పనులివి.

లాబ్‌కి వెళ్ళగానే నీళ్ళతొట్టి స్విచ్చి వెయ్యాలి. నీళ్ళు గోరువెచ్చనయ్యేలోపు బ్లాకుల్ని మంచుపళ్ళెంలో బోర్లించాలి. పరిశోధన కోసం కింది గదిలోంచి తెచ్చిన పాత బ్లాకుల్లో మిగిలినవన్నీ కొయ్యాలి. ఒక్కో బ్లాకుకీ బ్లేడు మార్చాలి, చేతితొడుగులు మార్చాలి, మాస్కు జారనివ్వకూడదు. కోసినవి గొట్టాల్లో వేసి మిషన్ల గదికి పంపాలి. బాబాయ్ కళ్ళజోడుకి తాడు కొనాలి. ఈసారీ మర్చిపోతే ఆయన అలుగుతాడు. సాయంత్రం అమ్మ కాజాలు కుట్టిన చొక్కాల మూట దర్జీ దుకాణంలో అప్పజెప్పాలి. అమ్మని ఒప్పించి ఆసుపత్రికి తీసుకురావాలి.

చివరి పని చాలా వారాలుగా చివర్లోనే ఉండిపోతోంది.

పిచ్చుక అన్నది ఆమెకి లాబ్‌లో పడ్డ పేరు. చిన్న మనిషి, కుర్చీలో కుదురుగా కూర్చోదు, ఓ బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్ల దగ్గరికి గెంతుతూ ఉంటుందని బాబాయ్ పెట్టాడు. బాబాయ్ ఎవరికీ బాబాయ్ కాదు, అందుకే అందరికీ బాబాయే. మనిషి ఒంట్లోంచి పరీక్ష కోసం తీసిన చిన్న ముక్కని కరిగిన మైనంలో పెట్టి గడ్డకట్టించడం ఆయన పని. అలా గడ్డకట్టిందే బ్లాకు. అగ్గిపెట్టె కన్నా చిన్నది. దాన్ని మిషన్‌కి బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కొయ్యడం పిచ్చుక పని. ఆ బ్లాకులు చెడిపోవు. మనుషులు పోయాక కూడా కింది గది సొరుగుల్లో వరసగా, నోరు మూసుకుని ఉంటాయి.

"ఏమే పిచ్చుకా, మూతికి చిక్కం కట్టుకున్నావా?" అన్నాడు బాబాయ్ లోపలికి వస్తూనే.

"కట్టుకున్నాను బాబాయ్."

"ఊపిరి ఊదకుండా బ్లాకు కొయ్యమంటే, చేతులు వెనక్కి కట్టేసి అన్నం తినమన్నట్టే."

ఆయన అనడంలో అబద్ధం లేదు. మంచు మీద బ్లాకు మరీ చల్లబడితే పొర చిట్లిపోతుంది. అప్పుడు మొహం దగ్గరికి వంగి, నోరు తెరిచి, అద్దం తుడిచేముందు ఊదినట్టు ఒక్కసారి వెచ్చగా ఊదితే చాలు, మైనం మెత్తబడి పొర జారుకుంటూ దిగుతుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పిచ్చుకకి బాబాయ్ నేర్పాడు, బాబాయ్‌కి ఆయన గురువు నేర్పాడు. రోజూ చేసే పరీక్షలకి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఈ పరిశోధనలో చూసేది జన్యువుల్ని. కోసేవాళ్ళ ఊపిరి తగిలినా, వెంట్రుక రాలినా, లెక్కలో వాళ్ళు దూరిపోతారు. అందుకే లాబ్‌లో పనిచేసే ప్రతి ఒక్కరి బుగ్గ లోపల్నుంచీ ముందుగానే దూది పుల్లతో నమూనా తీసి పెట్టారు. ఎవరు ఎక్కడ దూరినా పట్టుకోవడానికి. ఆడవాళ్ళ నమూనాల్ని ఇంకో పనికి కూడా వాడుకుంటున్నారు, జబ్బు లేనివాళ్ళు ఎలా ఉంటారో పోల్చి చూడ్డానికి.

జబ్బంటే గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్. పెద్ద డాక్టరమ్మ మొదటి రోజే అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. దీనికి కారణం ఒక వైరస్. అది ఆడవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. చాలామంది ఒళ్ళు దాన్ని తరిమేస్తుంది, వచ్చినట్టు కూడా తెలియదు. కొందరి ఒళ్ళు తరమలేకపోతుంది. ఆ తరమలేకపోవడంలో పుట్టుకతో వచ్చిన చిన్న చిన్న తేడాల వాటా ఎంత? అదే ఇప్పుడు వెతుకుతున్నది. పాత బ్లాకులన్నీ ఈ జబ్బుతో పోయినవాళ్ళవి, వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. అంకె, వయసు, ఏడాది, అంతే.

మధ్యాహ్నానికి పిచ్చుక చేతిలోకి మూల విరిగిన బ్లాకు ఒకటి వచ్చింది. మైనం పసుపు తిరిగింది. లోపల ముక్క గోధుమరంగు మచ్చలా ఉంది. వయసు ముప్పై నాలుగు. ఏడాది చూస్తే అప్పటికి పిచ్చుక ఇంకా పాలు తాగే పిల్ల.

మొదటి పొర చిట్లింది. రెండోదీ చిట్లింది. విప్పి, కాసేపు బల్ల మీద ఉంచి, మళ్ళీ బిగించింది. చక్రం తిప్పుతుంటే పొరలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రిబ్బనులా దిగడం మొదలుపెట్టాయి. ఒక పొరని పరీక్ష కోసం కుంచెతో నీళ్ళ మీద వదిలింది. ముడతలు పడి ఉన్న పొర, గోరువెచ్చని నీళ్ళు తగలగానే మెల్లిగా విచ్చుకుంది. నిద్రలోంచి మనిషి ఒళ్ళు విరుచుకున్నట్టు. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం ఎందుకో పిచ్చుక చెయ్యి నీళ్ళ మీద అలాగే ఆగిపోయింది. మాస్కు ముక్కు కిందికి దిగి ఉందని ఆమె గమనించింది అప్పుడే. ఎప్పుడు దిగిందో తెలియదు.

*

ఇల్లంటే రెండు గదులు, ఓ పంపు. అమ్మ కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతుంది. దారం పంటితో కొరుకుతుంది, సూది చొక్కా భుజానికి గుచ్చుకుంటుంది. ఈ మధ్య అమ్మ ముదురు రంగు బట్టలే కడుతోంది. తెల్లారకముందే లేచి తన బట్టలు తనే ఉతుక్కుంటోంది. పంపు సన్నగా తిప్పుతుంది, చప్పుడు వినపడకూడదని. ఆ సన్నటి ధార చప్పుడుకే పిచ్చుకకి మెలకువ వస్తోంది.

"అమ్మా, రేపు నాతో రా. పది నిమిషాల పని."

"నాకేం, దుక్కలా ఉన్నాను."

"దుక్కలా ఉన్నదానివి ఆ బట్టలు చీకట్లో ఉతకడం దేనికి?"

"పగలు నీళ్ళు రావు కనక." అమ్మ సూదిలోకి దారం ఎక్కించింది. "నువ్వు నాలుగు అక్షరమ్ముక్కలు నేర్చుకున్నావని నాకు పరీక్షలు పెట్టకు."

ఆ ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి మనిషి పిచ్చుకే. ఆ సంగతి అమ్మ వీధిలో గొప్పగా చెప్పుకుంటుంది. ఇంట్లో మాత్రం దెప్పడానికి వాడుతుంది.

వంటగది పైఅరలో ఓ స్టీలు గ్లాసు ఉంది. అది వేరు. పిచ్చుకకి ఊహ తెలిసినప్పట్నుంచీ అందులో ఎవరూ నీళ్ళు తాగగా చూడలేదు. అమ్మ వారానికోసారి దించి, తోమి, మళ్ళీ బోర్లించి పెడుతుంది. చిన్నప్పుడోసారి పిచ్చుక స్టూలెక్కి తీసుకోబోతే చెయ్యి మీద చెళ్ళుమని కొట్టింది. ఎవరిదని అడిగితే, "ఎవరిదీ కాదు, ముట్టుకోకు" అంది.

ఆ రాత్రి అన్నాలు తిని పళ్ళేలు తీస్తుంటే పిచ్చుక చూసింది. అమ్మ ముందున్నది ఆ గ్లాసే. సగం నీళ్ళున్నాయి. అమ్మ దాన్ని ఎత్తి, అలవాటున్న గ్లాసు ఎత్తినట్టే తాగి, విడిగా తోమి, తక్కిన గిన్నెలకి తగలకుండా దూరంగా పెట్టింది.

పిచ్చుక పళ్ళేలు పంపు దగ్గరికి తీసుకెళ్ళింది.

*

శుక్రవారం పెద్ద డాక్టరమ్మ తన గదిలోకి పిలిచింది.

"కూర్చో" అంది. ఆవిడ కూర్చోమందంటే మంచి కబురు కాదని లాబ్‌లో అందరికీ తెలుసు.

"మూల విరిగిన బ్లాకు నువ్వే కోశావు కదూ?"

"అవును మేడమ్."

"అందులో నువ్వున్నావు."

పిచ్చుకకి అర్థం కాలేదు.

"మీ అందరి నమూనాలతో పోల్చి చూస్తాం కదా. ఆ బ్లాకులో నీ పోలిక తగిలింది. తక్కిన ఎవరిదీ లేదు. మాస్కు తీశావా?"

"తియ్యలేదు మేడమ్. జారింది."

"ఊదావా?"

పిచ్చుకకి ఊదలేదని గుర్తు లేదు. ఊదినట్టూ గుర్తు లేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయినట్టే, నోరూ చేసుకుపోయి ఉంటుంది. ఏళ్ళ తరబడి అలవాటు.

"ఊది ఉంటాను" అంది.

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది పిచ్చుకకి.

"అందులో ముక్క ఇంక ఒక్క కోతకి సరిపడా ఉంది. బాబాయ్ కోస్తాడు. అదీ పాడైతే బ్లాకు పారెయ్యడమే. ఎవరో పాపం, ఇన్నేళ్ళు సొరుగులో ఉండి, తీరా లెక్కకి వచ్చే సమయానికి మన నిర్లక్ష్యంతో పోతుంది. తేలేదాకా నువ్వు కోత గదిలో అడుగు పెట్టకు. సీసాలకి చీటీలు అంటించు."

బయటికి వచ్చాక పిచ్చుక చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఇంటికెళ్ళేదాకా కడుగుతూనే ఉంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, పేరు తెలియని మనిషి, తన ఒక్క ఊపిరికి రెండోసారి చచ్చిపోబోతోంది.

సోమవారం బాబాయ్ కోశాడు. తలుపు మూసి కోశాడు. తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగులో, కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా, నడిచొచ్చిన దిండులా ఉన్నాడు. పిచ్చుక నడవాలో బల్ల మీద సీసాలకి చీటీలు అంటిస్తూ తలుపు అద్దంలోంచి చూసింది. లోపలికి తన ఊపిరి వెళ్ళే దారి లేదు. అయినా ఊపిరి బిగబట్టింది.

కోత అయ్యాక బాబాయ్ బయటికి వచ్చి తొడుగు విప్పాడు. మొహం చెమటతో తడిసిపోయింది.

"ఒక్కసారి కూడా చిట్లలేదే" అన్నాడు. "నాకే వింతగా ఉంది. అంత పాత మైనం వెన్నలా దిగింది. కోయించుకోవడానికే కూర్చున్నట్టు." కళ్ళజోడు తుడుచుకుంటూ, "తాడు తెచ్చావా?" అన్నాడు.

తెచ్చింది. ఆయన అక్కడే కళ్ళజోడుకి కట్టుకుని మెళ్ళో వేసుకున్నాడు, మొహం చాటంత చేసుకుని. పిచ్చుకకి నవ్వు రాలేదు.

*

బుధవారం లెక్కలాయన తనే లేచి వచ్చాడు. మిషన్లు ఇచ్చిన అంకెల్ని కంప్యూటర్లో చదవడం ఆయన ఉద్యోగం. కుర్చీలోంచి లేవగా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ.

"అమ్మాయ్, ఓసారి రా."

తెర మీద చుక్కలే చుక్కలు. ఆయన చూపుడువేలు పెట్టి చెప్పాడు. "ఇది బాబాయ్ కోసింది. ఆ రోజు నువ్వు గదిలోకి వెళ్ళలేదు కదా?"

"లేదండీ. నడవాలో ఉన్నాను."

"ఇందులోనూ ఉన్నావు."

"నేను తలుపు కూడా తియ్యలేదండీ!"

"కంగారు పడకు. అసలు మొదటిసారే నేను సరిగ్గా చూడాల్సింది. పోలిక తగలగానే కల్తీ అని రాసి పంపేశాను. పొరపాటు నాది. కల్తీ అయితే ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, గొంతులు కలిసిపోయి. ఇక్కడ గొంతు ఒక్కటే. శుభ్రంగా ఒకే మనిషి. ఆ మనిషి నువ్వు కాదు. కానీ ఆవిడలో ఉన్నదాంట్లో పావు వంతు నీలో ఉంది."

"అంటే ఏమిటండీ?"

"రక్తసంబంధం. అమ్మా కూతురూ అయితే సగం ఉంటుంది. పావు వంతంటే అమ్మమ్మో, నాయనమ్మో, పెద్దమ్మో, పిన్నో, మేనత్తో. వాళ్ళలో ఎవరన్నది అంకెలు చెప్పవు."

పిచ్చుక లెక్కేసుకుంది. అమ్మమ్మ ముసలితనంలో పోయింది, గుండె ఆగి, తన కళ్ళ ముందే. నాయనమ్మ ఇప్పటికీ చిన్నాన్న దగ్గర ఉంది, కోడల్ని సాధిస్తూ. పోయిన నాన్నకి అక్కచెల్లెళ్ళు లేరు.

"అమ్మ ఒక్కతే కూతురండీ" అంది. "మీ లెక్క తప్పయి ఉంటుంది."

ఆయన తెర వంకే చూస్తూ, "అలా అని ఎవరు చెప్పారు?" అన్నాడు, చాలా మెల్లిగా.

అమ్మే చెప్పింది. ఇంకెవరు చెప్తారు.

ఆ మధ్యాహ్నం బాబాయ్ గదిలో ఎవరూ లేరు. ఆయన రంగులేసిన గాజుపలక ఒకటి తీసి పిచ్చుక ముందు పెట్టాడు. కోసిన పొరల్లో ఒకదాన్ని పలక మీద ఎక్కించి రంగు వెయ్యడం రివాజు. "చూస్తే చూడు, లేకపోతే లేదు" అని టీకి వెళ్ళిపోయాడు.

పిచ్చుక సూక్ష్మదర్శిని మీద కన్ను పెట్టింది. గులాబి, ఊదా. ఇలాంటివి వేలు చూసింది. పైపొర కణాలు బుద్ధిగా వరసలో ఉండాలి, కింద సన్నటి గోడ ఉండాలి. ఇక్కడ గోడ లేదు. ఊదారంగు కణాలు ఉబ్బి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, గోడ తెగ్గొట్టుకుని లోపలికి గుంపులు గుంపులుగా దిగిపోయాయి. తన నెత్తురు. తన వంశం. ఎవరో తెలియని ఆ మనిషి లోపల్నుంచి ఇన్నేళ్ళ తర్వాత తనకేసి చూస్తున్నట్టుంది. పిచ్చుక కన్ను తీసేసింది. గదిలో ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది. కన్ను మళ్ళీ పెట్టడానికి చాలాసేపు పట్టింది.

బ్లాకు పక్కనే ఉంది. లోపల ముక్క అయిపోయింది. మైనంలో ఆ ముక్క ఆకారంలో గుంట మాత్రం మిగిలింది. అరచేతిలో పెట్టుకుంది. కాసేపటికి ఒంటివేడికి మైనం కొద్దిగా మెత్తబడింది. ఎవరో తన వేళ్ళని తిరిగి పట్టుకున్నట్టు అనిపించి, గభాలున బల్ల మీద పెట్టేసింది.

*

అమ్మ నీలం చొక్కాకి కాజా కుడుతోంది. సాయంత్రపు వెలుతురు కిటికీ దాకా వచ్చి ఆగింది.

పిచ్చుక చెప్పులు కూడా విడవకుండా గడప మీదే కూర్చుంది. బ్లాకు మీది ఏడాదికి అమ్మకి ముప్పై కూడా లేవని దారంతా లెక్కేసుకుంటూ వచ్చింది.

"అమ్మా, మా పెద్దమ్మ ఎలా పోయింది?"

ఏ పెద్దమ్మ అని అమ్మ అడగలేదు. సూది ఆగలేదు కానీ, మొహం రాయిలా అయిపోయింది.

"ఎవరు వాగారు నీతో?"

"ఎవరూ చెప్పలేదు. ఆవిడ మా లాబ్‌లో ఉంది."

"మతి పోయిందా నీకు? చచ్చినవాళ్ళు లాబ్‌లో ఉండడమేంటి?"

"ఒంట్లోంచి తీసిన ముక్క ఉంది. చిన్నది. మైనంలో. అప్పట్నుంచీ అక్కడే ఉంది. ఎవరో తెలియక నా చేత్తో నేనే కోశాను."

అమ్మ తల ఎత్తింది. పిచ్చుక మొహం వంక చూడలేదు, చేతుల వంక చూసింది.

"నొప్పి పుట్టలేదు కదా దానికి?" అంది.

పిచ్చుక తల అడ్డంగా ఊపింది.

"అంత నొప్పి పడింది" అంది అమ్మ. "ఆ మూల పడుకునేది. డాక్టరు మా నాన్నతో ఏం చెప్పాడో ఏమో, అది మొగవాళ్ళ వల్ల అంటుకునే జబ్బని ఇంటికొచ్చి అరిచాడు. ఎవడితో తిరిగావే అన్నాడు. దాని మొగుడు మళ్ళీ మొహం చూపించలేదు. అది ఒట్టేసింది. ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. నువ్వు చంటిదానివి, నీకు అంటుకుంటుందని దాని గ్లాసు వేరుగా పెట్టాను. దాని చేతికి ఇచ్చేదాన్ని కాదు. నేల మీద పెట్టి జరిపేదాన్ని." కాలితో జరపడం ఎలాగో అమ్మ పాదం కొద్దిగా కదిలి చూపించింది. "పోయాక మా నాన్న దాని పేరెత్తితే ఊరుకోనన్నాడు. ఎత్తలేదు. ఆయన పోయాక కూడా ఎత్తలేదు. అలవాటైపోయింది."

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

"ఇప్పుడు వచ్చింది" అంది అమ్మ. గొంతు బాగా తగ్గించింది, పక్కగదిలో ఎవరో ఉన్నట్టు. "నా గ్లాసేదని వచ్చింది. నెత్తురు కనపడిన రోజే తెలిసింది నాకు, అదే వచ్చిందని. అందుకే గ్లాసు దించాను. దాన్ని అన్నన్ని మాటలు అననిచ్చాను కదా. రేపు నన్నూ అంటారు. నీ మొహం మీద అంటారు."

పిచ్చుక లేచి వచ్చి స్టూలు పక్కన నేల మీద కూర్చుంది.

"ఎవరూ రాలేదమ్మా. నే చెప్పేది విను. ఆ వైరస్ మొగుడి వల్ల కూడా వస్తుంది. ఒక్క మొగుడు చాలు. ఊళ్ళో సగం మందికి పైగా వచ్చే ఉంటుంది, నాకూ రావచ్చు. చాలామంది ఒళ్ళు దాన్ని గెంటేస్తుంది. కొందరి ఒళ్ళు గెంటలేదు. అది తప్పు చెయ్యడం వల్ల కాదు. పుట్టుకలోనే ఏదో చిన్న తేడా ఉండొచ్చు. కళ్ళ రంగులా, జుట్టు ఉంగరాల్లా. పెద్దమ్మకి ఉందేమో, నీకూ ఉందేమో. మీ ఇద్దరిదీ ఒకే కడుపు కదా."

"దాని మొగుడు తప్ప ఇంకో మొగాడి మొహం చూడలేదది. నాకు తెలుసు."

"ఊఁ."

"తెలిసీ ఊరుకున్నాను."

"ఊఁ."

"అయితే అక్క తప్పేం లేదంటావు."

"లేదమ్మా."

"నువ్వంటున్నావా, మీ డాక్టర్లు అంటున్నారా?"

"అందరం అంటున్నాం."

అమ్మ చాలాసేపు కుడుతూనే ఉంది. చివరికి దారం కొరికి చొక్కా ఎత్తి చూసుకుంది. కాజా నోటిని ఈ చివర్నుంచి ఆ చివరికి పూర్తిగా మూసేసి కుట్టేసింది. గుండీ దూరే సందు లేదు. అన్నేళ్ళలో అమ్మ అలా కుట్టడం పిచ్చుక చూడలేదు. అమ్మ ఆ కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పుతూ, "రేపు ఎన్నింటికి రమ్మంటావు?" అంది.

*

మర్నాడు పొద్దున్న పెద్ద డాక్టరమ్మ నిలబడే మాట్లాడింది.

"ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు లెక్కలో ఉండకూడదు. అందరికీ అదే నియమం. ఇద్దర్లో ఒకరిని తీసెయ్యాలి." కిటికీలోంచి బయటికి చూసింది. "నిన్ను తీసేశాను. ఆవిడ ఉంటుంది."

"సరే మేడమ్."

"జబ్బు లేనివాళ్ళ లెక్కలోంచి తీశానని జబ్బున్నట్టు కాదు. అలాంటి ఇంటివాళ్ళకి ముప్పు కాస్త ఎక్కువ ఉండొచ్చు, అంతే. వేళకి పరీక్ష చేయించుకుంటూ ఉంటే దాన్ని ముందే పట్టుకోవచ్చు. నువ్వూ చేయించుకో." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "కోత గదిలోకి వెళ్ళు. నేను ముందు కనుక్కుని మాట్లాడాల్సింది."

ఆవిడ నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారని బాబాయ్ తర్వాత లాబ్ అంతా చాటాడు.

అమ్మకి పరీక్ష చేసి చిన్న ముక్క తీశారు. అది అందరివీ వచ్చినట్టే మూతపెట్టిన సీసాలో లాబ్‌కి వచ్చింది. పిచ్చుక దాన్ని ముట్టుకోలేదు. బాబాయ్ మైనంలో పెట్టాడు, బాబాయే కోశాడు. బ్లాకు చల్లబడి పొర చిట్లినప్పుడు ఆయన మాస్కు దించి, వంగి, వెచ్చగా ఊదాడు. ఇది మామూలు పరీక్షే, ఊదొచ్చు. చదివింది పెద్ద డాక్టరమ్మ. పిచ్చుకని పిలిచి కన్ను పెట్టమంది.

ఊదారంగు కణాలు. అదే తోపులాట, అదే ఉబ్బు. అక్కడ చూసినవే. చాలాసేపు పిచ్చుకకి, తను చూస్తున్నది ఎవరినో అంతుపట్టలేదు. అప్పుడు పలక కొద్దిగా జరిపింది. కింద గోడ కనపడింది. సన్నగా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, తెగకుండా.

"గోడ దాటలేదు" అంది పెద్ద డాక్టరమ్మ. "వచ్చేవారం తీసేద్దాం. నువ్వు చెప్పినట్టు ఇంకొన్నాళ్ళు చీకట్లో బట్టలు ఉతుక్కుంటూ కూర్చుని ఉంటే దాటేది."

ఆసుపత్రిలో చేర్చుకునే రోజు నర్సు మంచం పక్కన నిలబడి కాగితం మీద రాసుకుంటూ ఒక్కో ప్రశ్నా అడిగింది. వయసు, కాన్పులు, మందులు. అమ్మ పొడిపొడిగా చెప్పింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా?"

పిచ్చుక ఊపిరి బిగబట్టింది.

"ఉంది" అంది అమ్మ. "మా అక్కకి."

నర్సు రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళబోయింది. అమ్మ ఆగలేదు.

"నూలు మిల్లులో పనిచేసేది. ఇంటికొస్తే జుట్టంతా దూదే. తెల్లజుట్టు ముసలమ్మలా నడిచి చూపించి నన్ను నవ్వించేది. కథ చెప్పడం మొదలుపెట్టి, అది చెప్పకముందే తనకి నవ్వొచ్చేసేది. నవ్వీ నవ్వీ చెప్పలేకపోయేది. దాని కథల చివర్లు మాకెవరికీ తెలియవు. ఈల వేసేది. ఆడపిల్లవి ఈలేంటే అంటే ఇంకా గట్టిగా వేసేది. నిద్రలో నా మొహం మీద చెయ్యి వేసేది, ఊపిరాడేది కాదు, తోసేస్తే మళ్ళీ వేసేది. చివర్లో తల దువ్వమంది. దువ్వలేదమ్మా నేను. దూరంగా కూర్చున్నాను."

నర్సు కలం పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత, మర్యాదగానే, "అమ్మా, ఇవన్నీ రాయడానికి ఇక్కడ చోటు లేదు" అంది.

"తెలుసు తల్లీ" అంది అమ్మ. "నువ్వు అడిగావని చెప్తున్నాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు."

కాగితం మీద 'అక్క' అన్న ఒక్క మాట పడింది. మిల్లు దూది, ఈల, మొహం మీద చెయ్యి, చివర్లు లేని కథలు, ఇవేవీ ఏ లెక్కలోకీ వెళ్ళలేదు. చదివిన మీరు ఆవిణ్ణి కాస్త గుర్తుపెట్టుకోండి. నవ్వు ఆపుకోలేకపోయేది.